బోటు టాయిలెట్ నీళ్లు కృష్ణలో కలవకుండా ఏం చేయాలి?

విజయవాడ పున్నమి ఘాట్‌లో బోటెక్కితే భవానీ ద్వీపం ఎంతో దూరం ఉండదు. ఆ కాస్త ప్రయాణానికి బోటులో టాయిలెట్ అక్కర్లేదు. పుట్టినరోజు పార్టీ కోసం సాయంత్రం రెండు మూడు గంటలు నదిలో తిప్పే బోటు, పైకి అమరావతి వైపు వెళ్లే లాంచీ, రాత్రి పడుకునే గదులున్న హౌస్‌బోటు అయితే మాత్రం టాయిలెట్ లేకుండా కుదరదు. అలాంటి బోటు కట్టించాలని చూస్తున్నవాళ్ల కోసం, ఉన్న బోటును బాగు చేయించాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది భవానీపురంలో. సరకు ఓడల ఇంజన్ రూముల్లో పదకొండేళ్లు పనిచేశాను. జూనియర్ ఇంజనీరుగా చేరిన మొదటి ఓడలోనే మురుగు శుద్ధి ప్లాంటు నా చేతికొచ్చింది. ఎవరూ ఇష్టపడి తీసుకోని పని కాబట్టి అది ఎప్పుడూ కొత్తవాళ్లకే వస్తుంది. చేసేకొద్దీ నాకు ఆ పని మీద గౌరవం పెరిగింది. ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాను కాబట్టి బోట్లు నడిపే స్నేహితులు అడుగుతుంటారు: "ఓడల్లో పెట్టే మెషీనే మన బోటులోనూ పెట్టేస్తే సరిపోతుంది కదా అన్నా?" పెట్టొచ్చు గానీ సరిపోదు. ఎందుకు సరిపోదో ముందు చెప్పుకుంటే, తర్వాత చేయాల్సిన పనులకు కారణం తెలుస్తుంది.

సముద్రం లెక్క వేరు, బ్యారేజీ లెక్క వేరు

ఓడల నుంచి కాలుష్యం జరగకుండా చూసే అంతర్జాతీయ ఒప్పందం పేరు మార్పోల్. అందులో నాలుగో అనుబంధం మొత్తం మురుగు గురించే. 2003 సెప్టెంబరు 27 నుంచి అది అమల్లో ఉంది. దేశాల మధ్య తిరిగే ఓడల్లో 400 గ్రాస్ టన్నులు, అంతకు పైబడినవాటికీ, చిన్నవే అయినా 15 మందికి మించి మనుషుల్ని తీసుకెళ్లేవాటికీ వర్తిస్తుంది. ఓడలో మురుగును మెత్తగా నలగ్గొట్టి, క్రిములు చచ్చేలా మందు కలిపితే తీరానికి 3 నాటికల్ మైళ్లు దాటాక వదలొచ్చు. ఏ శుద్ధీ చేయకుండా ట్యాంకులో దాచిన దాన్నయితే 12 నాటికల్ మైళ్లు దాటాకే వదలాలి. అప్పుడు కూడా ఓడ కనీసం 4 నాట్ల వేగంతో, అంటే గంటకు ఏడు కిలోమీటర్ల పైచిలుకు వేగంతో, నడుస్తూ ఉండాలి, ఒక్కసారిగా కుమ్మరించకుండా కొద్దికొద్దిగా వదలాలి. ఆమోదం పొందిన శుద్ధి ప్లాంటు ఉంటే అంతకంటే దగ్గర్లోనూ వదలొచ్చు గానీ, నీళ్లలో తేలే ముద్దలు కనబడకూడదు, చుట్టూ నీటి రంగు మారకూడదు.

12 నాటికల్ మైళ్లంటే 22 కిలోమీటర్లు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ వెడల్పు కిలోమీటరు పైచిలుకు మాత్రమే. మన నదిలో ఎక్కడ నిలబడినా ఒడ్డు కనబడుతూనే ఉంటుంది. పైగా 1957లో కట్టిన ఆ బ్యారేజీ వెనక ఉన్నవి నిలవ నీళ్లు. గేట్లు మూసి ఉన్న రోజుల్లో పైనుంచి వచ్చింది అక్కడే ఆగుతుంది. విజయవాడ తాగేది ఆ నీళ్లే. గుంటూరుకు వెళ్లేవీ కృష్ణ నీళ్లే. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్య నుంచి పోతూ డెల్టా పొలాలకు మోసుకెళ్లేవీ అవే.

ఇంకో లెక్క కూడా చూడండి. 2016 నుంచి ఓడల్లో పెట్టే కొత్త ప్లాంట్లు శుద్ధి చేసి వదిలే నీళ్లలో బీఓడీ లీటరుకు 25 మిల్లీగ్రాములు మించకూడదని ప్రమాణం. బీఓడీ అంటే ఆ నీళ్లలోని మాలిన్యాన్ని తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత. అది ఎంత ఎక్కువైతే చేపలకు అంత ఊపిరి తక్కువ. మన దేశంలో జనం స్నానం చేసే రేవు నీళ్లకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన హద్దు 3 మిల్లీగ్రాములు. అంటే ఓడ పరీక్షలో పాసైన నీళ్లు కూడా దుర్గా ఘాట్‌లో మునిగే నీళ్లకు ఉండాల్సిన హద్దుకు ఎనిమిది రెట్లు మురికిగా ఉండొచ్చు. తాగే నీళ్లలోనయితే 100 మిల్లీలీటర్లలో ఒక్క మలక్రిమి కూడా కనబడకూడదు.

అందుకే నా మాట ఇది: సముద్రంలో శుద్ధి చేసి వదలడం న్యాయమే. కృష్ణలో మాత్రం శుద్ధి చేసినా వదలొద్దు. బోటులో పుట్టిన ప్రతి చుక్కనీ ట్యాంకులో పట్టి ఒడ్డుకు చేర్చండి. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ఉంది, లోతట్టు నౌకల మీద 2021లో వచ్చిన చట్టంలో కాలుష్యానికి విడిగా ఒక భాగమే ఉంది. కాబట్టి బోటు రిజిస్ట్రేషన్‌కు, సర్వేకు వెళ్లినప్పుడు టాయిలెట్ ఏర్పాటు ఎలా ఉండాలంటున్నారో ముందే అడిగి, డ్రాయింగులో చూపించండి. కట్టించేశాక మార్చాలంటే డెక్కు కోయాల్సి వస్తుంది.

ముందు రోజుకు ఎన్ని లీటర్లో తేల్చుకోండి

ప్రయాణం గంటలోపే అయితే బోటులో టాయిలెట్ పెట్టకండి. ఆ డబ్బుతో ఘాట్ మీద శుభ్రమైన టాయిలెట్లు ఉండేలా చూడండి. టికెట్ ఇచ్చేటప్పుడే "ఎక్కేముందు వెళ్లి రండి" అని చెప్పించండి. అన్నిటికంటే నమ్మకమైన దారి ఇదే.

తప్పదనుకుంటే కాగితం తీసుకుని లెక్క వేయండి. ఉదాహరణకు 60 సీట్ల బోటు, రెండు గంటల ట్రిప్పు, రోజుకు మూడు ట్రిప్పులు. 180 మందిలో మూడో వంతు టాయిలెట్ వాడతారనుకుంటే 60 సార్లు. ఇంట్లో ఉండే మామూలు ఫ్లష్ అయితే సారికి పది లీటర్ల దాకా పోతుంది, అంటే 600 లీటర్లు. బోట్ల కోసం చేసిన చేతిపంపు టాయిలెట్‌లో రెండు మూడు లీటర్లతో అయిపోతుంది. పెద్ద ఓడల్లో గాలి లాగే పద్ధతిలో నడిచే వాక్యూమ్ టాయిలెట్లకు లీటరు పైన కాస్త చాలు. అవి ఖరీదు, రిపేరు తెలిసిన మనిషి ఇక్కడ దొరకడం కష్టం. మనకు చేతిపంపు రకమే మేలు.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే చోటు ఒకటుంది. టాయిలెట్‌తో పాటు వచ్చే పుస్తకంలోని లెక్కలు కాగితం వాడేవాళ్లకు రాసినవి. మనవాళ్లు నీళ్లు వాడతారు. మగ్గుతోనో హ్యాండ్ షవర్‌తోనో మనిషికి లీటరున్నర అదనంగా వేసుకోండి. చేతులు కడుక్కునే నీళ్లు ఇంకో లీటరు. అలా సారికి ఐదు లీటర్లు, రోజుకు 300 లీటర్లు తేలుతుంది. ట్యాంకును ముప్పావు వంతు మించి నిండనివ్వకూడదు కాబట్టి ఒక రోజుకు 400 లీటర్ల ట్యాంకు కావాలి. కార్తీక మాసం ఆదివారాల్లో మురుగు లాక్కెళ్లే సెప్టిక్ ట్యాంకు లారీ రాకపోవచ్చు, వచ్చినా ఘాట్ దాకా దారి దొరక్కపోవచ్చు. అందుకని రెండు రోజులకు సరిపడా 800 లీటర్లకు పొండి.

ఆ ట్యాంకు నిండితే 800 కిలోలు. పన్నెండు మందిని అదనంగా ఎక్కించుకున్నంత బరువు! అది ఒక పక్కన ఉంటే బోటు ఆ పక్కకు ఒరుగుతుంది. సగం నిండిన ట్యాంకు ఇంకా ప్రమాదం, మలుపులో నీళ్లన్నీ ఒక వైపుకు ఊగి బోటును తమతో లాగుతాయి. దీనికి మూడు పనులు చేయించండి. ట్యాంకును బోటు మధ్య గీత మీద, వీలైనంత కిందకు పెట్టించండి. లోపల నీళ్లు ఊగకుండా చిల్లుల పలకలు అడ్డంగా వేయించండి. బోటు స్థిరత్వం లెక్క మళ్లీ వేయించి, మనుషుల సంఖ్య తగ్గించమంటే తగ్గించండి. కృష్ణలోనూ గోదావరిలోనూ బోటు బోల్తా పడి ఎంతమంది పోయారో మనకు తెలుసు. టాయిలెట్ ట్యాంకు అలాంటి దానికి కారణం కాకూడదు.

ట్యాంకు, గొట్టాలు

ఇనుప రేకు ట్యాంకు చౌక అని ఆటోనగర్‌లో చేయించుకున్నవాళ్లున్నారు. వద్దు. మూత్రం ఇనుమును తినేస్తుంది, అల్యూమినియాన్ని ఇంకా తొందరగా తింటుంది. మందంగా ఉండే ప్లాస్టిక్ ట్యాంకు తీసుకోండి. ఇంటి మీద పెట్టే నీళ్ల ట్యాంకు దీనికి పనికిరాదు, దాని మూత గాలి బిగువుగా ఉండదు, పక్కలు ఊపుకు తట్టుకోవు. ట్యాంకును పట్టీలతో నాలుగు వైపులా బిగించాలి, చేత్తో తోస్తే అంగుళం కూడా కదలకూడదు.

టాయిలెట్ నుంచి ట్యాంకుకు వెళ్లే గొట్టానికి మీటరుకు రెండు సెంటీమీటర్లయినా వాలు ఉండాలి. ఎక్కడా పాములా కిందకు దిగి పైకి లేవకూడదు, ఆ వంపులో నిలిచిన మురుగే కంపుకు మూలం. మామూలు మెత్తటి ట్యూబు కొన్నాళ్లకు వాసనను పీల్చుకుని బయటికి వదులుతుంది. అనుమానం వస్తే తడి గుడ్డను వేడి నీళ్లలో ముంచి గొట్టం చుట్టూ చుట్టి, చల్లారాక తీసి ముక్కు దగ్గర పెట్టుకోండి. గుడ్డకు కంపు అంటితే గొట్టం మార్చే టైము వచ్చినట్టే.

గాలి గొట్టం గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే అందరూ సన్నగా పెట్టేది దీన్నే. లారీ పంపు లాగుతున్నప్పుడు ట్యాంకులోకి గాలి రాకపోతే ట్యాంకు లోపలికి నలిగిపోతుంది. మామూలు రోజుల్లో గాలి ఆడకపోతే లోపల కుళ్లు మొదలవుతుంది. అంగుళంన్నర గొట్టానికి తగ్గొద్దు. దాని నోరు టాప్ డెక్కు కంటే పైన, ప్రయాణికులు కూర్చునే చోటుకూ వంటగదికీ దూరంగా, వాన పడకుండా వంచి, దోమ తెర కట్టి ఉండాలి.

ట్యాంకు ముప్పావు నిండగానే సరంగు దగ్గర లైటు వెలిగేలా ఫ్లోటు స్విచ్ పెట్టించండి. లైటు వెలిగాక టాయిలెట్‌కు తాళం వేసి ఘాట్‌కు రావాలని రూలు పెట్టుకోండి.

వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన పాత బోటు అయితే ఒక పని తప్పకుండా చేయండి. చాలా బోట్లలో మురుగును ట్యాంకుకో నేరుగా నీళ్లలోకో మళ్లించే మూడు దారుల వాల్వు ఉంటుంది. ఒక్క పిడి తిప్పితే అంతా నదిలోకి పోతుంది. దాన్ని మూసి తాళం వేస్తే చాలదా అంటారు. తాళంచెవి ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉంటుంది, లారీ రాని రోజు ఒకటి వస్తుంది. అందుకని ఆ వాల్వును తీయించేసి, బోటు అడుగున ఉన్న ఆ చిల్లును వెల్డింగుతోనో ఫైబర్‌తోనో శాశ్వతంగా మూయించండి. ఒడ్డున పంపు తగిలించుకునే నోరు మాత్రం డెక్కు మీద ఒకటే ఉండాలి.

ఏం వేయకూడదో అందరికీ చెప్పండి

టాయిలెట్ తలుపు మీద పెద్ద తెలుగు అక్షరాలతో బోర్డు పెట్టండి. ప్యాడ్లు, డైపర్లు, గుట్కా ప్యాకెట్లు, తడి టిష్యూలు వేయొద్దని, పక్కనే మూత ఉన్న డబ్బా ఉందని రాయండి. డబ్బా లేకుండా బోర్డు పెడితే ప్రయోజనం లేదు.

క్లీనింగ్ చేసే అమ్మాయికో అబ్బాయికో మీరే దగ్గరుండి చెప్పాల్సింది యాసిడ్ సంగతి. టాయిలెట్‌లో యాసిడ్ పోసి, ఆ వెంటనే బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూడడుగుల గదిలో అది ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది. ఆ ఘాటు యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ రెండూ బోటులో ఉంచనే వద్దు. మూత్రం గార పట్టకుండా వారానికోసారి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) గోరువెచ్చటి నీళ్లలో కరిగించి పోసి, రాత్రంతా ఉంచి కడిగితే చాలు. మామూలు రోజుల్లో సబ్బు నీళ్లు, బ్రష్షు.

గదులున్న హౌస్‌బోటు అయితే శుద్ధి ప్లాంటు

రోజుల తరబడి మనుషులుండే పెద్ద హౌస్‌బోటులో ట్యాంకు ఒక్కటే పెడితే రోజూ లారీ పిలవాలి. అక్కడ శుద్ధి ప్లాంటు పెట్టి, శుద్ధయిన నీళ్లను మళ్లీ ఫ్లష్‌కు వాడుకుంటే ఒడ్డుకు తీసుకెళ్లేది బాగా తగ్గుతుంది. ఓడ ఉద్యోగాల్లో చేరబోతున్న మన పిల్లలకూ పనికొస్తుందని దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

ప్లాంటు అంటే మూడు గదుల డబ్బా. మొదటి గదిలోకి మురుగు వస్తుంది, అడుగు నుంచి బ్లోయర్ గాలి ఊదుతూ ఉంటుంది. ఆ గాలితో బతికే సూక్ష్మజీవులు మాలిన్యాన్ని తిని పెరుగుతాయి. అక్కడి నుంచి రెండో గదిలోకి వెళ్లి కదలకుండా నిలబడితే, బరువైన బురద కిందకు దిగి పైన తేట నీళ్లు మిగులుతాయి. దిగిన బురదను ఒక చిన్న గొట్టం గాలితో లాగి మళ్లీ మొదటి గదికి పంపుతుంది, ఎందుకంటే పనిచేసే సూక్ష్మజీవులు ఉన్నది అందులోనే. తేట నీళ్లు మూడో గదిలో క్లోరిన్‌తోనో అతినీలలోహిత కాంతితోనో క్రిములు చచ్చాక బయటికి వస్తాయి.

కాబట్టి ఆ మెషీన్‌లో అసలు పని చేసేది ప్రాణం ఉన్న జీవాలు. కొత్తగా మొదలుపెట్టినప్పుడు అవి పెరగడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. నడుస్తున్న మరో ప్లాంటు నుంచి నాలుగైదు బకెట్ల బురద తెచ్చి పోస్తే తొందరగా అందుకుంటుంది. పాలలో తోడు వేసినట్టే. తోడు మంచిదైతే పెరుగు గట్టిగా వస్తుంది, వాటికి నచ్చనిది పోస్తే విరిగిపోతుంది.

నా రెండో ఓడలో అలా విరిగింది. తనిఖీ వాళ్లు వస్తున్నారని కేబిన్లు తళతళలాడాలని స్టీవార్డు ఒక్క ఉదయంలో పన్నెండు టాయిలెట్లలో ఘాటు బ్లీచ్ సీసాలకు సీసాలు పోశాడు. అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సింది నేనే. సాయంత్రానికి మొదటి గదిలో మట్టి రంగు పోయి బూడిద రంగు నురగ వచ్చింది, మర్నాటికి ఇంజన్ రూమంతా కుళ్లు కంపు. మళ్లీ కొత్త సూక్ష్మజీవుల పొట్లాలు వేసి ప్లాంటును దారికి తెచ్చేసరికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ మురుగంతా ట్యాంకులోనే పట్టి ఉంచాం, ట్యాంకు నిండుతుందేమోనని రోజూ టెన్షనే. ఆ తర్వాత నేను ఏ ఓడ ఎక్కినా మొదటి రోజే వంటవాళ్లనూ స్టీవార్డులనూ కిందకు తీసుకెళ్లి ప్లాంటు మూత తీసి చూపించేవాణ్ణి. కళ్లతో చూసినవాళ్లు బ్లీచ్ పోయరు.

రోజూ చూడాల్సినవి ఇవి. బ్లోయర్ శబ్దం, గాలి ఒత్తిడి, మొదటి గదిలో బుడగలు అంతటా సమంగా వస్తున్నాయా లేదా. రంగు పాల చాక్లెట్‌లా గోధుమగా, వాసన తడి మట్టిలా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి చాలడం లేదు. వారానికోసారి లీటరు గాజు జాడీలో మొదటి గది నీళ్లు పట్టి అరగంట కదపకుండా పెట్టండి. బురద జాడీలో మూడో వంతు దగ్గర ఆగితే బాగుంది. సగం దాటితే కొంత బురదను తీసి, ఒడ్డుకు చేర్చేదాకా మురుగు దాచే ట్యాంకులోకి పంపాలి. కచ్చితమైన అంకె మీ ప్లాంటు మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే పట్టుకోండి.

బ్లోయర్ రాత్రింబవళ్లు తిరగాలి. రాత్రి ఘాట్‌లో కట్టేశాక డీజిల్ ఆదా అని జనరేటర్ ఆపేస్తే తెల్లారేసరికి ఊపిరాడక సూక్ష్మజీవులు చస్తాయి. ఒడ్డు నుంచి కరెంటు లైను ఉన్నవాళ్లే ఇలాంటి ప్లాంటు పెట్టుకోవాలి. శని ఆదివారాలే తిరిగే బోటుకైతే ఇది అసలు పనికిరాదు, మిగతా రోజుల్లో వాటికి తిండి ఉండదు. అలాంటివాళ్లను ప్లాంటు కొనమని ఎవరైనా ఒప్పించబోతే వినకండి, మంచి ట్యాంకు చాలు.

వంటగది నీళ్లను ఈ ప్లాంటులోకి కలపాలంటే ముందు నూనె పట్టే పెట్టె ఉండాలి. చేపల వేపుడు, బిర్యానీ చేసే బోటులో ఆ పెట్టెను రోజూ తీసి కడగాలి. నూనె పొర కడితే గాలి నీళ్లలో కరగదు.

ఫ్లష్‌కు తిరిగి వాడే నీళ్లను నెలకోసారి ల్యాబుకు పంపండి. బీఓడీ ఫలితం అదే రోజు రాదు, సీసాను రోజుల తరబడి ఒకే ఉష్ణోగ్రతలో ఉంచి చూస్తారు. సీసా ఐసులో పెట్టి అదే రోజు చేర్చాలి.

ట్యాంకులోకి మనిషిని దించకండి

ఈ ఒక్క భాగాన్ని మీ స్టాఫ్ అందరికీ చదివి వినిపించండి.

నిలవ మురుగులో గాలి లేని చోట హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. గాలి కంటే బరువు కాబట్టి అడుగున, మూలల్లో పేరుకుంటుంది. మోతాదు పెరిగితే అది ముక్కును మొద్దుబారుస్తుంది. పది లక్షల భాగాల్లో వంద భాగాల దగ్గరే వాసన తెలియడం ఆగిపోతుంది. "ఇందాక కంపు కొట్టింది, ఇప్పుడు తగ్గింది" అని మనిషి లోపలికి వంగుతాడు. ఇంకా ఎక్కువైతే రెండు మూడు శ్వాసల్లోనే కూలిపోతాడు. అతణ్ణి లాగబోయిన రెండోవాడు, మూడోవాడు కూడా అక్కడే పడిపోతారు. మన ఊళ్లలో సెప్టిక్ ట్యాంకుల్లో ఒకే ఇంటివాళ్లు ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు చదివే ఉంటారు. జరిగేది ఇదే.

ఓడల్లో ఇలాంటి చోటుకు వెళ్లాలంటే ముందు గాలి పంపి, ఆక్సిజన్‌నూ విష వాయువులనూ మీటరుతో కొలిచి, రాతపూర్వక అనుమతి తీసుకుని, బయట ఒక మనిషిని నిలబెట్టి, ఊపిరి సిలిండరూ తాడూ సిద్ధంగా పెట్టుకుంటారు. ఆ సరంజామా మీ దగ్గర ఉండదు. కాబట్టి మీ ట్యాంకు లోపలికి ఎవరూ దిగాల్సిన అవసరమే రాకుండా కట్టించండి: పైన చెయ్యి పట్టేంత మూత, నీటి జెట్ పెట్టడానికి ఒక నోరు, అడుగు మొత్తం పంపు గొట్టం వైపు వాలుగా. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మురుగు ట్యాంకులోకి మనిషిని దించడం నేరం. చట్టం లేకపోయినా, వెయ్యి రూపాయలకు ఒక మనిషిని అందులోకి దించే హక్కు మనకెవరికీ లేదు.

మూత తీసేటప్పుడు గాలి వాటం చూసుకుని, గాలి మీ వెనక నుంచి వచ్చేలా నిలబడండి. బీడీ, సిగరెట్, గ్యాసు స్టవ్ దగ్గర్లో ఉండకూడదు, లోపలి మీథేన్ అంటుకుంటుంది.

ఒడ్డుకు ఎక్కించడం

సెప్టిక్ ట్యాంకు లారీ వాళ్లతో నెలవారీగా మాట్లాడుకోండి. బేరం చేసేటప్పుడు మొదట అడగాల్సింది "ఎక్కడ పోస్తారు?" అని. బుడమేరు వాగులోనో కాలువలోనో రాత్రిపూట వదిలేసే లారీకి డబ్బిస్తే, మీరు పడిన శ్రమంతా తిరిగి ఆ నీళ్లలోనే కలుస్తుంది. నగరంలో సింగ్‌నగర్, రామలింగేశ్వరనగర్, జక్కంపూడి లాంటి చోట్ల మురుగునీటి శుద్ధి కేంద్రాలున్నాయి. లారీ సరకు ఎక్కడ తీసుకుంటారో కార్పొరేషన్ ఆఫీసులో అడిగి, అక్కడి రసీదు తెస్తేనే బిల్లు ఇస్తానని లారీ ఓనరుకు మొదటి రోజే చెప్పండి.

జనం స్నానాలు చేసే మెట్ల దగ్గర ఈ పని పెట్టుకోకండి. తెల్లవారుజామున, ప్రయాణికులు లేనప్పుడు, లారీ దగ్గరికి రాగలిగే రేవులో చేయండి. బోటును రెండు తాళ్లతో గట్టిగా కట్టి ఇంజన్ ఆపండి. గ్లవ్స్, కళ్లద్దాలు, బూట్లు వేసుకోండి. డెక్కు మీద నోటి కింద వెడల్పాటి తొట్టి పెట్టండి, గొట్టం విప్పేటప్పుడు కారే చుక్కలు అందులో పడతాయి. గాలి గొట్టం మూసుకుపోలేదని చూశాకే పంపు ఆన్ చేయించండి. ఖాళీ అయ్యాక ముప్పై లీటర్ల నీళ్లు పోసి మళ్లీ లాగించండి. తొట్టిలోవి కూడా లారీకే. మూత బిగించాక చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవాలి.

ఓడల్లో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. ఒడ్డుకు మురుగు ఎక్కించే గొట్టం చివర ప్రపంచమంతా ఒకే కొలత: 210 మిల్లీమీటర్ల చక్రం, నాలుగు బోల్టులు. ఏ రేవుకు వెళ్లినా అతుకుతుంది. విజయవాడలో బోట్లు నడిపేవాళ్లందరూ కలిసి కూర్చుని ఒకే సైజు కప్లింగ్ ఎంచుకుంటే, ఏ లారీ వచ్చినా ఏ బోటుకైనా సరిపోతుంది. గోనె సంచి చుట్టి గొట్టాన్ని చేత్తో పట్టుకునే అవస్థ తప్పుతుంది.

ఒక నోటుబుక్కు పెట్టి ప్రతిసారీ తేదీ, లీటర్లు, లారీ నంబరు, రసీదు నంబరు రాయండి. ప్రయాణికుల సంఖ్యకూ లీటర్లకూ పొంతన లేకుండా లీటర్లు తగ్గుతూ వస్తే ఎక్కడో కారుతున్నట్టు లెక్క.

వరదల నెలల్లో పైనుంచి నీళ్లు వస్తున్నాయని వినగానే, బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక దాకా ఆగకుండా ట్యాంకు ఖాళీ చేయించండి. నీళ్లు మెట్లెక్కాక లారీ రాలేదు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు తాళ్లు తెగిన బోట్లు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్లనే గుద్దాయి. అలా తెగిపోయే బోటులో మురుగు ట్యాంకు నిండుగా ఉండకూడదు.

అన్నీ బిగించాక రంగు పరీక్ష

బోటును మొదటిసారి నీళ్లలోకి దించాక, ఆపైన నెలకోసారి, ఈ పరీక్ష చేయండి. ఉదయం గాలి లేనప్పుడు, నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు మిఠాయిల్లో వాడే ఎర్ర రంగు రెండు చెంచాలు టాయిలెట్‌లో వేసి నాలుగైదు సార్లు ఫ్లష్ చేయండి. ఒక మనిషి చిన్న పడవలో బోటు చుట్టూ తిరుగుతూ గంటసేపు నీళ్లను చూడాలి. ఇంకో మనిషి టార్చిలైటుతో బోటు అడుగు గదిలో, అంటే బిల్జిలో, చూడాలి. చాలామంది ఈ రెండోది మర్చిపోతారు. ట్యాంకు అతుకు దగ్గర కారింది బిల్జిలో చేరుతుంది, అక్కడి పంపు నీళ్లు పెరగగానే దానంతట అదే ఆన్ అయి అన్నిటినీ నదిలోకి తోసేస్తుంది. బిల్జిలో ఎరుపు కనబడితే ముందు ఆ పంపు స్విచ్ ఆపండి. బిల్జి నీళ్లను కూడా లారీకే ఎక్కించి, అతుకు బాగయ్యేదాకా ఆ టాయిలెట్‌కు తాళం వేయండి.